మూడో అర

ఎలుకలకు జబ్బు చేయలేదని ఆ పరిశోధక విద్యార్థిని కళ్లనీళ్లు పెట్టుకుంది.

లోకమంతా జబ్బు చేస్తే ఏడుస్తుంది. ఆమె చదువు అలాంటిది మరి.

బెదిరిన ఒంట్లో రోగం తొందరగా ముదురుతుందని ఆమె చూపించాలి. అందుకని రోజూ పొద్దున్నే తెల్ల ఎలుకల్ని కదలడానికి వీల్లేని గొట్టాల్లో కాసేపు ఉంచి భయపెట్టేది. కొన్నాళ్లయ్యాక వాటికి జ్వరం తెచ్చే సూక్ష్మజీవిని ఎక్కించింది.

పై రెండు అరల్లోని ఎలుకలు బుద్ధిగా మాట విన్నాయి. బొచ్చు రేగిపోయి ఓ మూల ముడుచుకున్నాయి.

మూడో అరలోవి మాత్రం కొత్త అల్లుళ్లలా తిని పడుకుంటున్నాయి.

"ఆ మూడో అర నీ కొంప ముంచుతుందమ్మా," అన్నారు గైడు. "ఈసారీ ఇంతే అయితే నీ సీటు ఇంకొకరికి పోతుంది. నేనేం చేయలేను."

ఆ మధ్యాహ్నం అన్నం సయించక, ఎన్నడూ వెళ్లని వేళలో ఆమె ఎలుకల గదికి వెళ్లింది.

గది నిద్రపోతున్నట్టుంది. పై కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి, పొట్టు వాసనలో తేలుతోంది. ఎక్కడో సన్నగా కూనిరాగం. అందులో మాటల్లేవు. వింటుంటే ఆమెకి చిన్నప్పటి జ్వరం, నుదుటి మీద అమ్మ చెయ్యి గుర్తొచ్చాయి. ఎందుకొచ్చిందో కూడా ఓ క్షణం మరిచిపోయింది.

మూడో అర ముందు, స్టూలు మీద ఒక ముసలావిడ కూచుని ఉంది. ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు. అరచేతిలో ఓ ఎలుక ఆదమరిచి నిద్రపోతోంది.

"ఎవరు మీరు? లోపలికెలా వచ్చారు?"

"ష్... ఇప్పుడే పడుకుందమ్మా."

ఎలుకలకు మేత వేసే మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"వెనకవీధి బామ్మగారమ్మా. మధ్యాహ్నాలు వచ్చి కూచుంటారు. నేను చెప్పకుండానే మోచేతుల దాకా కడుక్కుంటే, ఎవరో డాక్టరుగారి తాలూకు అనుకున్నా."

"రోజూ ఈ అర దగ్గరేనా?"

"స్టూలు మీంచి అందేది అదొక్కటే కదమ్మా."

విద్యార్థినికి తల తిరిగిపోయింది. పొద్దున తాను పెట్టిన భయాన్ని మధ్యాహ్నం ఈవిడ తీసేస్తోందన్నమాట!

"బామ్మగారూ, మీకో దణ్ణం! నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశారు. ఈ అరలో ఒక్కదానికీ జబ్బు చేయలేదు!"

ముసలావిడ తలెత్తింది.

"చేయలేదా?"

"చేయలేదు!"

"భయపెట్టినా చేయలేదా? ఒక్కదానికీ?"

"చెప్పాగా! నవ్వులాటగా ఉందా మీకు?"

మాస్కు పైన ఆ కళ్లు నిండిపోయాయి. గట్టిగా అరిచానేమోనని విద్యార్థిని కాస్త నొచ్చుకుంది. అయినా తలుపు వైపే చూపించింది.

ముసలావిడ ఎలుకని మెల్లగా పొట్టులో పడుకోబెట్టింది. ఏదో చెప్పబోయి, మరిచిపోయినట్టు నిలబడిపోయింది. తర్వాత వెళ్లిపోయింది. నడవా చివరిదాకా కూనిరాగం వినబడింది.

మర్నాడు ఆ గదికి తాళం పడింది. తలుపు కూడా చూసుకోలేవా అంటారని, ముసలావిడ సంగతి గైడుకి చెప్పలేదు. మూడో అర పాడైపోయిందని చెప్పి ఖాళీ చేయించింది. కొత్త ఎలుకల్ని తెచ్చింది. ఈసారి అన్ని అరల్లోనూ జబ్బు చేసింది.

"ఇక నీ సీటుకి ఢోకా లేదమ్మా," అన్నారు గైడు. అంటూనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సాయంత్రం హాలుకి రా. మా మేడం పోయారు. సంతాప సభ."

"ఏ మేడం సార్?"

"నువ్వు పొద్దస్తమానం వల్లించే వ్యాసం ఎవరిదనుకున్నావు? భయపడితే రోగం ముదురుతుందని మాకు చూపించింది ఆవిడే. మన ఎలుకల గది కట్టించిందీ ఆవిడే."

"ఇన్నాళ్లూ బతికే ఉన్నారా?"

"మేమే మరిచిపోయాం. తర్వాత ఆవిడ దారి మార్చారులే. భయం రోగాన్ని పెంచితే, ఓదార్పు ఆపాలి కదా అనేవారు. ఎలుకల్ని అరచేతిలో జోకొడుతూ కూనిరాగం తీస్తుంటే మేమంతా నవ్వేవాళ్లం. పట్టుమని పది ఎలుకలు నిలబడినా చాలు, హాయిగా కళ్లు మూసుకుంటాననేవారు. రుజువు దొరక్కుండానే మతిమరుపు వచ్చేసింది."

విద్యార్థిని గుప్పిట్లో ఎలుకల గది తాళంచెవి గుచ్చుకుంది. మెల్లగా అడిగింది.

"ఆఖర్న... ఏమైనా అన్నారా సార్?"

"పిచ్చితల్లి, చిన్నపిల్లలా ఒకటే సంబరమట. 'చేయలేదట, ఒక్కదానికీ చేయలేదట' అని కనబడ్డవాళ్లందరికీ చెప్పారట. ఎవరికి ఏం చేయలేదో, పాపం, ఎవరికీ అర్థం కాలేదు."