తీగలు తీశాక

“పెట్టె మూత వెయ్యనివ్వను. నా రోసీనా వేళ్లు ఇప్పుడే నా చెయ్యి పట్టుకున్నాయిరా!” అంది తల్లి.

లుడోల్ఫ్ చెల్లెలి శవం మీంచి, ప్రయోగానికని తానే పెట్టిన విద్యుత్తు తీగలు తీసేశాడు. వేళ్లు వదులైపోయాయి.

“తీశావేం? మళ్లీ పెట్టు. మెరుపూ ప్రాణమూ ఒకటేనని కవిత్వం రాసి జేనా ఊరంతా చదివి వినిపించావు కదా!”

బయట, సమాధికి తీసుకెళ్లడానికి ఎదురుచూస్తున్న పాస్టరుగారు దగ్గారు.

లుడోల్ఫ్ తన ప్రయోగాల బల్ల మీంచి కోసిన కప్పకాలు తెచ్చి, ఆ తీగలే తాకించాడు. కాలు ఎగిరి తన్నింది.

తల్లి దాన్నే చూస్తూ నిలబడింది.

“దీనికి తలైనా లేదు కదరా.”

“లేదమ్మా.”

“మరి నువ్వు రాసిందంతా?”

“నిజమనే అనుకున్నానమ్మా.”

ఆమె కూతురి వేళ్లు సర్ది, మూత వెయ్యమంది. అతను సుత్తి ఎత్తాడు. మేకు మీద దెబ్బ పడలేదు.

“ఇలా తే,” అంది తల్లి. “తీగల్లేకుండానే వణుకుతోంది నీ చెయ్యి.”