ఎడమచేతివాటం గెలాక్సీలు

“ఎడమ,” అన్నారు ప్రొఫెసర్‌గారు. తెర మీద బొమ్మ మారింది. “ఇదీ ఎడమే. ఎవరికైనా కనిపిస్తుంది. కొందరికే కనిపించదు.”

ఆ కొందరంటే ఆయన కోడలు. ఆమెకీ ఆ పరిశోధనశాలలోనే ఉద్యోగం. పక్కన కూర్చుని బొమ్మలు మారుస్తోంది. అక్కడ మావయ్య అనకూడదు, సార్ అనాలి. అది ఆయన నియమం.

గెలాక్సీల్ని ఆకారాన్ని బట్టి విడదీయడం ఆయన పని. కోడిగుడ్డులా నున్నగా ఉంటే దీర్ఘవృత్తాకారం, చేతులు సుడి తిరిగినట్టుంటే సర్పిలం, తీరూతెన్నూ లేకపోతే క్రమరహితం. ఈ చివరి రకం కనిపించినప్పుడల్లా, అక్కడే పనిచేసే కొడుకు వంక ఓ చూపు చూస్తారు.

సర్పిలాల్లో ఎక్కువ భాగం ఎడమకే తిరుగుతున్నాయనీ, కనుక విశ్వానిది ఎడమచేతివాటమనీ ఆయన కనిపెట్టారు. అప్పట్నుంచీ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. మర్నాడే మహాసభలో ప్రకటన. పాపం విశ్వం, దాని వాటం చెప్పే మహానుభావుడు ఇన్నాళ్ళకి దొరికాడు.

అది ఆకాశంలో ఉన్న తేడా కాదేమో, మీ కంటికున్న అలవాటేమో, ఒకసారి మళ్ళీ చూడండి అంది కోడలు ఆ పొద్దున. అందరి ముందూ అంది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ చూస్తాననీ, లెక్క మారితే ప్రకటన మానుకుంటాననీ, మారకపోతే ఆమె ఉద్యోగం మానుకోవాలనీ పందెం కట్టారు. కొడుకు కాగితాలు సర్దుకోవడంలో పడ్డాడు.

“బొమ్మల వరస మార్చావా?” అన్నారు తెర వంకే చూస్తూ.

“అన్నీ కలిపేశాను సార్. గుర్తుపట్టలేరు.”

“కలపడం ఒక్కటే నీకు చేతనైంది.”

సాయంత్రానికి లెక్క తేలింది. మొదటిసారి ఎడమవి ఎంత ఎక్కువొచ్చాయో, ఇప్పుడూ దాదాపు అంతే. ఆయన అందరినీ పిలిచి మరీ ఆ సంగతి చెప్పారు.

“కంటి అలవాటుట. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళమ్మా. ఇంటి దగ్గర నా కళ్ళజోడు తుడవడానికి పనికొస్తావు.”

ఒకరిద్దరు నవ్వారు. ఆమె మొహం ఎర్రబడింది. తాళాలు బల్ల మీద పెట్టి, రెండోసారీ ఎడమే ఎక్కువొచ్చిందని రేపు సభలో చెబుతారా అని అడిగింది. పొల్లుపోకుండా చెబుతానన్నారాయన, కావాలంటే ఇక్కడే ఇంకోసారి చెబుతానన్నారు.

“ఈసారి ప్రతి బొమ్మనీ అద్దంలోలా కుడి ఎడమ, ఎడమ కుడి అయ్యేలా తిప్పి చూపించాను, మావయ్యగారూ.”