రెండు కాలాల వాయిదా

“ఎవరయ్యా నువ్వు? పట్టపగలు నా ఇంటికి కన్నం వేస్తున్నావా?”

గుమ్మంలోంచే గట్టిగా అరిచాడు హీట్ పంపుల మెకానిక్. మధ్యాహ్నం వెళ్ళాల్సిన ఇంటివాళ్ళు ఇవాళ రావద్దన్నారని, ఇంత తిని కాసేపు నడుం వాల్చుదామని ఇంటిదారి పట్టాడు. వచ్చి చూస్తే వీధిలో పోటీ కంపెనీ వ్యాను, హాల్లో పోటీ కంపెనీ చొక్కా, ఆ చొక్కాలో ముప్పై ఏళ్ళ మనిషి. గోడకు వేసిన కన్నం చుట్టూ తీరిగ్గా సిమెంటు పూస్తున్నాడు.

“నేనే రమ్మన్నాను,” అంటూ వంటింట్లోంచి వచ్చింది భార్య. “ముందు ఆ తలుపెయ్యండి. వెచ్చదనమంతా బయటికి పోతోంది.”

వెచ్చదనం! అప్పుడు గానీ అతనికి తెలిసిరాలేదు. పొద్దున తను వెళ్ళేటప్పుడు కాళ్ళు కొంకర్లు పోయిన హాలు ఇప్పుడు హాయిగా ఉంది. గోడ మీద కొత్త తెల్లటి పెట్టె చడీచప్పుడూ లేకుండా వెచ్చటి గాలి వదులుతోంది. దాని కిందే కుర్చీ వేసుకుని అతని తల్లి కునికిపాట్లు పడుతోంది. చలి మొదలైన దగ్గర్నుంచీ తలకు చుట్టుకున్న శాలువా మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

“ఊరందరికీ హీట్ పంపులు బిగించేది నేను! నా ఇంట్లో వీళ్ళ మిషనా? రేపు మా వాళ్ళకి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“దాని ఎదురుగా పెట్టుకోండి. వెచ్చగా ఉంటుంది.”

పోటీ కంపెనీ మనిషి నవ్వాపుకోలేక గోడవైపు తిరిగి, పూసిన సిమెంటే మళ్ళీ పూశాడు.

“నేను పెడతానన్నానా, లేదా?”

“అనకేం? ఎండలకి ఉడికిపోతూ అడిగితే, ‘వానలొచ్చేస్తున్నాయి, చలికాలంలో చూద్దాం’ అన్నారు. చలికి వణుకుతూ అడిగితే, ‘ఇంకెన్నాళ్ళులే చలి, ఎండాకాలంలో చూద్దాం’ అన్నారు. చలికి వేడి, ఎండకి చల్లదనం ఇచ్చే మిషను కదా! అందుకే రెండు కాలాల్లోనూ వాయిదా వేశారు.”

“పోనీ, మా ఆఫీసుకే ఫోన్ చెయ్యొచ్చుగా?”

“చేశాను. ‘ఇంట్లో మీవారుండగా మేమెందుకమ్మా’ అని నవ్వి పెట్టేశారు.”

భార్యతో గెలవలేక మిషను మీద పడ్డాడు మెకానిక్. పెరట్లోకి వెళ్ళి బయటి పెట్టె చూశాడు. అడుగున దిమ్మ సమంగా ఉంది. నీళ్ళ పైపు వాలు చక్కగా ఉంది. రాగి గొట్టాలకు చుట్టిన తొడుగులో వేలు దూరే సందు కూడా లేదు. ఊగుతుందేమోనని రెండు చేతులా పట్టుకుని కుదిపాడు. ఊగలేదు. మరింత ఒళ్ళు మండింది.

లోపలికొచ్చి, “గొట్టాల్లో గాలి తీయకుండానే గ్యాస్ వదిలేశావు కదూ?” అన్నాడు.

“లేదన్నా, గాలంతా లాగేశాకే వదిలాను.”

“చల్లగా నడిపి చూశావా?”

“చూశానన్నా. పెద్దమ్మగారు తిట్టారు.”

ఆ మాటకు పెద్దావిడకు మెలకువొచ్చింది. “ఆ అబ్బాయిని విసిగించకురా! పొద్దున్నుంచీ తలెత్తకుండా చేస్తున్నాడు. చెప్పిన వేళకి వచ్చాడు, చెప్పినట్టు పూర్తి చేశాడు. ఇలాంటివాణ్ణి కట్టుకున్న పిల్ల పెట్టి పుట్టింది.”

“విన్నారా?” అంది భార్య.

పోటీ కంపెనీ మనిషి సిగ్గుపడి తల వంచుకున్నాడు.

మెకానిక్ వెళ్ళి అమ్మ పక్కన పీట లాక్కుని కూర్చున్నాడు. కోపంగానే కూర్చున్నాడు గానీ, చేతులు మాత్రం వాటంతటవే వెచ్చటి గాలిలోకి చాపుకున్నాయి. శాలువా లేని అమ్మ తల, నెరిసిన చిన్న ముడి చూసి ఎన్నాళ్ళయిందో అనిపించింది. తను రోజూ ఎవరెవరి ఇళ్ళలోనో ముసలివాళ్ళ మంచాల దగ్గర కొలతలు తీసుకుంటాడు. “గాలి నేరుగా తగలకూడదమ్మా” అని జాగ్రత్తలు చెబుతాడు. అమ్మ కుర్చీ ఎక్కడుంటే బాగుంటుందో ఇంతవరకూ చూడలేదు.

“బాగానే బిగించావులే,” అన్నాడు చివరికి, గొంతులోంచి మాట ఈడ్చుకొచ్చినట్టు.

అంతలో ఫోన్ మోగింది. సూపర్‌వైజరు.

“ఖాళీయేగా? అర్జెంటుగా ఓ కొత్త మిషను బిగించాలి. సామాను వ్యానులో పంపించేశాను. నువ్వు నేరుగా అక్కడికే వెళ్ళిపో. ఆ ఇంటావిడ భర్త ఇంటికొచ్చేలోపు పనయిపోవాలట.”

“ఆయనకి తెలియకుండానా? ఏమట?”

“ఆయనదీ మన పనేనట! నేనే పెడతా, నేనే పెడతా అని పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతున్నాట్ట. ఆవిడకి విసుగొచ్చేసింది.”

మెకానిక్ ముఖం వెలిగిపోయింది. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, భార్యవైపు తిరిగి, “విన్నావా? ‘నేనే పెడతా’ అని పెళ్ళాన్ని విసిగించేది నేనొక్కణ్ణే కాదు! లోకంలో నాలాంటి దౌర్భాగ్యుడు ఇంకొకడున్నాడు,” అని చెప్పి హాయిగా నవ్వాడు. భార్యకూ నవ్వాగలేదు. పెద్దావిడ కూడా నవ్వింది.

“అడ్రసు చెప్పండి సార్… బేకరీ వెనక సందు… టైలరు కొట్టు పైన మేడ మీద వాటా… సరే, ఇదిగో బయల్దేరుతున్నా.”

సామాను సంచీలో సర్దుకుంటున్న పోటీ కంపెనీ మనిషి చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. నేలచూపులు చూస్తూ, గొంతు బాగా తగ్గించి అన్నాడు:

“అక్కడ బెల్లు మోగదన్నా, తలుపు గట్టిగా తట్టండి. దాన్నీ నేనే బాగుచేస్తానన్నాను.”