కంఠత వాక్యాలు

"షుగర్ ఎన్నేళ్ల నుంచి?"

"పదకొండేళ్ల నుంచి."

"గుండెకి స్టెంట్ ఎప్పుడు వేశారు?"

"రెండు వేల పంతొమ్మిది, ఆగస్టులో. ఒకటే స్టెంట్."

"ఇప్పుడెలా ఉంది?"

"దేవుని కృప వల్ల..." అంటూ మొదలుపెట్టి సిలాసు నాలుక కరుచుకున్నాడు.

"ఆ మాట వద్దన్నానా? మందులు వాడుతున్నాను, అదుపులో ఉంది. అంతే చెప్పాలి," అంది జయశీల, చేతిలోని కాగితం మీంచి కళ్లు ఎత్తకుండా.

ఆవిడ ముప్పై అయిదేళ్లు ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ భర్త సిలాసు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేశాడు. ఆదివారాలు తెలుగు సంఘంలో పిల్లలకి సండేస్కూలు చెప్పేవాడు. ఎంతమంది పిల్లల చేత బైబిలు కంఠత వాక్యాలు ఒప్పజెప్పించుకున్నాడో లెక్కే లేదు. ఇప్పుడు డెబ్బై ఒకటో ఏట తనకి ఆ తిప్పలు వచ్చాయి. పది రోజులుగా పొద్దున ప్రార్థన కాగానే, జయశీల ఆయన చేత ఈ జవాబులు వల్లె వేయిస్తోంది.

దానికి కారణం లేకపోలేదు. ఉన్న ఆరోగ్య బీమా ప్రీమియం ఈ ఏడాది రెట్టింపైంది. పెన్షన్లతో అయ్యే పని కాదు. నిరుడే వేరే కంపెనీకి మారబోయారు. ఆ కంపెనీ డాక్టరు ఫోన్ చేసి జబ్బుల గురించి అడిగితే, "ప్రభువు స్వస్థపరిచాడమ్మా, నాకే జబ్బూ లేదు," అని సిలాసు సాక్ష్యం చెప్పాడు. వాళ్ల చేతిలో చూస్తే ఏళ్ల తరబడి వాడిన మందుల చీటీలున్నాయి. జబ్బు దాచారని అప్లికేషన్ తిప్పికొట్టారు. ఇప్పుడిది రెండో కంపెనీ. సాక్ష్యాలు మందిరంలో చెప్పుకోవాలి గానీ బీమా వాళ్లకా?

బెల్ మోగింది. జయశీల కొంగు ముడిలోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. బీమా ఏజెంటు సాయిప్రకాష్ లక్ష్మీ నగర్ నుంచి ఎండలో బండి మీద వచ్చాడు.

"పగలు కూడా లోపల తాళమేంటి ఆంటీ?"

"కోతులు బాబూ."

"కోతులకి గడియ చాలదా?"

"మా ఘాజియాబాద్ కోతులకి చాలదు."

ఇస్త్రీ చొక్కా వేసుకుని, నున్నగా తల దువ్వుకుని కూర్చున్న సిలాసు లేచి, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "రండి బాబూ, రండి. మిమ్మల్ని చూసి ఎన్నాళ్లయిందో," అన్నాడు.

"మంగళవారమే కదా అంకుల్ వచ్చాను. మూడు రోజులకే బెంగ పెట్టుకున్నారా?" సాయిప్రకాష్ నవ్వి, జయశీల వైపు తిరిగాడు. "డాక్టరుతో మీ కాల్ నిన్న అయిపోయింది. అంకుల్‌ది కూడా గట్టెక్కితే పాత పాలసీ ఏళ్లన్నీ కొత్తదానికి కలుస్తాయి, ఉన్న జబ్బులకి మళ్లీ ఏళ్ల తరబడి ఆగక్కర్లేదు. ఆసుపత్రిలో గది అద్దెకి కూడా పరిమితి ఉండదు. ఇది కూడా పోతే ఈ వయసులో ఇంకో కంపెనీ దొరకదు. ఏదీ దాచొద్దని చెప్పారు కదా?"

"నర్సుగా చేసినదాన్ని, దాస్తే ఏమవుతుందో నాకు తెలీదా?" అంది జయశీల.

పదకొండింటికి ఫోన్ మోగింది. జయశీల స్పీకర్ నొక్కి, ఫోన్ సిలాసు ముందు పెట్టింది. సాయిప్రకాష్ కంపెనీని అడిగి పెట్టించుకున్న తెలుగు డాక్టరు, అనుగ్రహ.

"సిలాసు గారు ఒక్కరే జవాబివ్వాలండీ. పక్కనున్నవాళ్లు అందించకూడదు."

జయశీల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కంగారు పడాల్సిన సమయమే, కానీ కంగారు రాలేదు. కొన్ని నెలలుగా ఆవిడకి ఏడుపూ రావడం లేదు, ఆకలీ వేయడం లేదు. పనులు మాత్రం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతున్నాయి.

పుట్టిన తేదీ చెప్పాడు. చిరునామా చెప్పాడు.

"మీ భార్య పేరు?"

"జయశీల. నర్సు. ఇంట్లో నాకు పై ఆఫీసరు."

షుగరు, స్టెంటు, మాత్రల పేర్లు, ఏది ఏ పూట వేసుకోవాలో, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

"షుగర్ ఇప్పుడెలా ఉంది?"

"దేవుని..." సాయిప్రకాష్ కుర్చీలో ముందుకి వంగాడు. "మందులు వాడుతున్నానమ్మా. అదుపులో ఉంది."

"కిడ్నీ, లివర్, నరాలు, మెదడు, వీటిలో దేనికైనా వైద్యం జరిగిందా?"

"లేదమ్మా."

"పొద్దున టిఫిన్ ఏం తిన్నారు సార్?"

ఇది కాగితంలో లేని ప్రశ్న. సిలాసు జయశీల వైపు చూశాడు. జయశీల ఫ్రిజ్ వైపు చూస్తూ ఉండిపోయింది.

"మా ఆవిడ ఏం పెడితే అది తింటానమ్మా. ఏం పెట్టావని అడిగితే రేపు అది కూడా పెట్టదు."

అవతల డాక్టరు ఫక్కున నవ్వింది. సాయిప్రకాష్ కూడా నవ్వాడు.

"చాలా స్పష్టంగా చెప్పారు సార్. నా వైపు నుంచి ఓకే రాసేస్తున్నాను. ఆరోగ్యం జాగ్రత్త."

ఫోన్ పెట్టగానే సాయిప్రకాష్ లేచి నిలబడ్డాడు. "పాసైపోయాం ఆంటీ. అంకుల్ అన్ని తేదీలు చెబుతుంటే నాకే సిగ్గేసింది. నా బండి నంబరే నాకు గుర్తుండదు. సోమవారం పాలసీ కాగితాలు పట్టుకొస్తాను."

"టీ తాగి వెళ్లు బాబూ."

"వద్దాంటీ, రాజిందర్ నగర్‌లో ఇంకొకళ్లని కలవాలి."

అతను వెళ్లాక జయశీల తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఇక ఎంత పెద్ద జబ్బు మీద పడినా ఆసుపత్రి గుమ్మంలో డబ్బుకి వెతుక్కోనక్కర్లేదు. అనుకున్నది సాధించింది. సంతోషం వస్తుందేమోనని ఒక నిమిషం అక్కడే నిలబడి చూసింది. రాలేదు.

వంటింట్లోంచి నీళ్లూ మధ్యాహ్నం మాత్రా తెచ్చి సిలాసు చేతికిచ్చింది. ఆయన మర్యాదగా లేచి అందుకుని, మాత్ర మింగి, గ్లాసు తిరిగి ఇస్తూ ఆవిడ మొహంలోకి చూశాడు.

"సిస్టర్, మా జయ ఇంకా డ్యూటీ నుంచి రాలేదా?"