ముప్పై కొట్టాలి

"ఆదివారం మ్యాచ్‌లో ముప్పై కొట్టండి. కొట్టారా, మీ పర్మిషన్ మీకుంటుంది. కొట్టలేదా, సోమవారం పదిన్నరకల్లా వచ్చి సాయంత్రం అయిదు దాకా సీట్లో కూర్చోవాలి," అంది సూపరింటెండెంట్ రత్నమాల, ఫైల్లోంచి తలెత్తకుండానే.

కృష్ణమోహన్ గుండెల్లో రాయి పడింది. స్పోర్ట్స్ కోటాలో పంజాగుట్టలోని ఆ సర్కారు ఆఫీసులో చేరిన ఈ ఇరవై రెండేళ్లలో, మధ్యాహ్నం పన్నెండు దాటాక అతను సీట్లో కనిపిస్తే ఒట్టు. క్రికెట్ ప్రాక్టీసుకి వెళ్లిపోతాడు. సంతకం పెట్టిన పర్మిషన్ కాగితం ఉంది మరి.

"మేడమ్ గారూ, నేను మన ఆఫీసు స్టార్‌నండీ!"

"పోయిన నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి పదకొండు కొట్టారు. నలభై నాలుగేళ్ల మనిషికి ఇంకా ప్రాక్టీసేంటని పైవాళ్లు అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

"ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అని చెప్పండి."

"ఆ ఏనుగు నిన్న మెట్లెక్కడానికి అటెండర్ సారయ్య భుజం పట్టుకుంది. నేను చూశాను."

కృష్ణమోహన్ దిగులుగా బయటికి నడిచాడు. సీట్లో కూర్చోవడం చేతకాక కాదు. పోయిన ఆగస్టులో వానలకి గ్రౌండు చెరువైతే మూడు రోజులు బుద్ధిగా కూర్చున్నాడు. ఊరికే ఉండలేక కాస్త పని కూడా చేశాడు. కానీ బ్యాటు వదిలేస్తే తనెవరు? ఆఫీసులో ఉన్న నలభైమంది గుమాస్తాల్లో ఇంకో గుమాస్తా. అది తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

ఆదివారం అమీర్‌పేట గ్రౌండులో ఎండ చురుక్కుమంటోంది. బౌలర్ వెనక ఉండాల్సిన తెల్లటి సైట్ స్క్రీన్ స్థానంలో ఏదో కోచింగ్ సెంటర్ వాళ్ల ఒరాకిల్ కోర్సు బ్యానర్ కట్టారు. ఎదుటి జట్టు అమీర్‌పేటలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీది. వీళ్ల ఆఫీసులో కంప్యూటర్లు పెట్టి, వాటి బాగోగులు చూసేది కూడా ఆ కుర్రాళ్లే. కెప్టెన్ తేజకి పాతికేళ్లుంటాయి. అతను పరిగెత్తుతుంటే చూసేవాళ్లకి ఆయాసం వస్తుంది.

అంపైర్ కోటు తొడుక్కున్న సారయ్య దగ్గరికొచ్చాడు.

"అన్నా, జర ఫికర్ చెయ్యకు. అన్న ముప్పై కొట్టకుంటే రేపటి సంది సీట్ల కూసుంటడని గా పోరగాళ్లకు చెప్పిన. మస్తు బాధపడ్డరు. తేజ మొఖమైతే తెల్లగైంది."

"ఎందుకు చెప్పావయ్యా? ఉన్న పరువు కాస్తా తీశావు!"

తిట్టుకుంటూనే క్రీజులోకి నడిచాడు. రెండో బంతే బ్యాటు అంచుకి తగిలి నేరుగా స్లిప్‌లో ఉన్నవాడి చేతిలోకి వెళ్లింది. వాడు నిప్పు పట్టుకున్నట్టు వదిలేశాడు. అదృష్టం అనుకున్నాడు కృష్ణమోహన్. పన్నెండు పరుగుల దగ్గర గాల్లోకి లేపితే తేజే బంతి కిందికొచ్చి, పట్టి, జారవిడిచాడు. షాట్‌లో అంత బలం ఉందన్నమాట అనుకున్నాడు. పందొమ్మిది దగ్గర మోకాలు పట్టేసి పిచ్ మధ్యలో చతికిలపడ్డాడు. వికెట్ల పక్కనే బంతి పట్టుకుని నిలబడ్డవాడు మాత్రం తాపీగా వంగి షూ లేసు కట్టుకున్నాడు. కృష్ణమోహన్ కుంటుకుంటూ వచ్చి క్రీజు చేరాకే లేచాడు.

అప్పుడు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత బంతులన్నీ పసివాడికి వేసినట్టు వేశారు. ముప్పై నాలుగు, నాటౌట్. ఆఫీసు జట్టు చిత్తుగా ఓడింది, అది వేరే సంగతి.

గొడుగు కింద పల్లీలు తింటున్న రత్నమాల లేచి వచ్చింది.

"మాటంటే మాటే. ఇంకో ఏడాది ఆడుకోండి," అని పొట్లం అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

కృష్ణమోహన్‌కి ఒక్క పల్లీ కూడా నోట్లోకి పోలేదు. ఒకప్పుడు ఇదే గ్రౌండులో తనని అవుట్ చేయాలని ఎంతమంది చెమటోడ్చలేదు! ఈ పిల్లలు జాలిపడి వదిలేశారు. ఎంత మంచి మనసు! అయినా స్టార్ అన్నవాడు బిచ్చం తీసుకుంటాడా? టీ తాగుతున్న తేజ దగ్గరికి కుంటుతూ వెళ్లాడు.

"బాబూ తేజా, నాకన్నీ తెలుసు. పెద్దవాణ్నని దయతలిచి క్యాచ్‌లు వదిలేశారు. మీ రుణం తీర్చుకోలేను. కానీ దయతో వచ్చిన పరుగులు నాకొద్దు. ఇంక బ్యాటు ముట్టను. మేడమ్ గారికి ఇప్పుడే చెప్పేస్తాను. రేపటి నుంచి బుద్ధిగా ఆఫీసులో కూర్చుని, మీరు పెట్టిన ఆ కంప్యూటర్ మీదే పని చేసుకుంటాను."

తేజ చేతిలోని గ్లాసు కింద పడింది. జట్టు మొత్తం పరిగెత్తుకొచ్చి చుట్టూ మూగింది. తేజ అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"అంత పని చేయకండి సార్! పోయిన ఆగస్టులో మూడు రోజులు కూర్చుని, అక్కర్లేనివని మీరు తీసేసిన రికార్డులు మళ్లీ ఎక్కించేసరికి మా పదకొండుమందికీ నాలుగు నెలలు పట్టింది. మీ ఆఫీసుతో మా కాంట్రాక్టు ఇంకా అయిదేళ్లుంది... అప్పటిదాకా మిమ్మల్ని అవుట్ చేసే ధైర్యం మాలో ఎవరికీ లేదు!"