గోడ మీది రాజకుమారి చెయ్యి

ఇళ్ళన్నీ తెల్లగా మెరిసే మన కొండ ఊరి చరిత్రను చెరిపేసిన దోషి ఎంగ్రాసియా అత్త! ఆయుధం, సున్నం కుంచె!

ఐదు వందల ఏళ్ళ కిందట ప్రియుడి కోసం ఎదురుచూస్తూ, అప్పట్లో ఈ కొండల్ని ఏలిన మూర్ ముస్లింల రాజకుమారి కోటగోడకు ఆనించిన ఎర్రటి చేతిముద్ర నిన్న సున్నంలో కలిసిపోయింది. ఆ చెయ్యి చూడడానికే ఈ కొండ మీదికి బస్సులొస్తాయి. రేపు పదింటికి ఇంకోటి వస్తోంది.

అత్తను ఖండిస్తూ రాసిన కరపత్రం చేతబట్టి ఆమె ఇంటి మీదికి వెళ్ళాను.

"అత్తా, చరిత్ర ప్రజల సొత్తు! చెరపడానికి నువ్వెవరివి?"

"అరవకురా, కోళ్ళు బెదురుతాయి," అంది ఆలివ్ కాయలు ఏరుతూ. "పండక్కి ఏటా ఊరంతా సున్నం వేస్తామా, లేదా?"

"వేస్తాం."

"ఆ గోడక్కూడా?"

"దానిక్కూడా."

"మరి ఆ చెయ్యి ఏటా సున్నం పైకి ఎలా వస్తోందనుకున్నావు? ఈదుకుంటూనా?"

ఆమె తన కుడిచెయ్యి చాపింది. కీళ్ళవాతంతో వేళ్ళన్నీ వంకర్లు పోయాయి.

"ముప్పై ఏళ్ళుగా నాదే. అంతకుముందు మా అమ్మది. రాజకుమారికి కీళ్ళవాతమంటే బస్సులో వాళ్ళు నమ్ముతారా? ఏదీ, నీ చెయ్యి చూపించు. ఒక్కరోజైనా పార పట్టిన చెయ్యేనా ఇది! అచ్చం రాజకుమారిదే!"

చరిత్రను ప్రజలే నిర్మిస్తారని చదివాను గానీ, ఎర్రమట్టితో అని ఏ కరపత్రంలోనూ లేదు.

ప్రజలారా! రేపు ఉదయం ఎనిమిదింటికి కోటగోడ దగ్గరికి కదలి రండి. ఎర్రమట్టి, తడిగుడ్డ మీరు తీసుకురండి. చెయ్యి నేను తెస్తాను.