దుమ్ము లేని గుంత

ఆ సొప్రానో శాక్సఫోన్ నాకంటే పాతది. అలాంటిదాని కోసం ఏళ్లుగా వెతుకుతూ, అమ్మకానికి ఉందని తెలిసి ఆ ఇంటికి వెళ్లాను. ఇత్తడి నల్లబడినా మీటలన్నీ చక్కగా కదులుతున్నాయి. నోట పెట్టుకునే మౌత్‌పీస్ మాత్రం నిన్నగాక మొన్న బజారులో కొన్న ప్లాస్టిక్‌ది.

“అసలుది ఏదమ్మా?” అని అడిగాను.

“ఎప్పుడో పోయింది,” అంది ఇంటావిడ, నా వైపు చూడకుండా.

పెట్టెలోని ముఖమల్ గుడ్డంతా దుమ్ము పట్టి ఉంది. మౌత్‌పీస్ పెట్టే గుంతలో మాత్రం దుమ్ము లేదు. అసలుదాన్ని ఈమధ్యే తీసి, విడిగా మంచి ధరకు అమ్ముకునే ఎత్తు కాబోలు అనుకున్నాను.

ఊది చూశాను. పై స్వరాలు శ్రుతి తప్పాయి.

“పాతవాటికి వాటి జోడీ మౌత్‌పీసే కుదురుతుందమ్మా. అది లేకపోతే నాకొద్దు.”

“పిల్లనిచ్చేవాడిలా ఇన్ని ఆరాలేంటయ్యా?”

నేను పెట్టె మూసి లేచాను.

ఆవిడ బీరువా తెరిచి, చేతిరుమాలు మడతలోంచి నల్లటి మౌత్‌పీస్ తీసి చూపించింది. నా చేతికి ఇవ్వలేదు. దాని మీద రెండు పంటిగాట్లు ఉన్నాయి, ఒకటి కాస్త వంకరగా.

“మా ఆయనవి. పోయేదాకా ఒక్క ఫొటోలోనూ పళ్లు కనబడేలా నవ్వలేదు, మహానుభావుడు. ఇక వీటినే చూసుకోవాలి.”

ప్లాస్టిక్‌దానితోనే కొన్నాను. పై స్వరాలు ఇప్పటికీ శ్రుతి తప్పుతాయి.

“నిన్నెవరో బాగా ముంచారు,” అంటారు విన్నవాళ్లు.

నేను ఊఁ కొడతాను.